ఇటులో టు ఉంది కదండీ

పోయిన నెలలో ట్యూషనుకొచ్చే ఒక పిల్ల తన ఇంగ్లీషు పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పడేసింది. సెలవుల్లో చేసిన ప్రయాణం గురించి రాయమన్నారట. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురంలో అమ్మమ్మగారింటికి వెళ్ళిన సంగతి రాసింది. బాగానే రాసింది కూడా. పంటు మీద ట్రాక్టరు, రెండు కార్లు, లెక్కలేనన్ని మోటారుసైకిళ్ళు, వాటి మధ్య బెదిరిపోయి నిలబడ్డ ఒక గేదెదూడ, అన్నీ ఉన్నాయి. కానీ పేపరు నిండా ఎర్ర సున్నాలే. ‘వియ్ వెంట్ టు నర్సాపూర్’ అన్నచోట ఏమీ లేదు, ‘వియ్ రీచ్‌డ్ టు దేర్’ అన్నచోట టు చుట్టూ సున్నా. అమ్మమ్మ ‘కమ్ టు హియర్’ అంది, అక్కడో సున్నా. ‘వియ్ రిటర్న్‌డ్ టు హోమ్’, మళ్ళీ సున్నా.

“నరసాపురం ముందు టు ఉంటే రైటంట, దేర్ ముందు ఉంటే తప్పంట. నేను దేర్ అన్నది నరసాపురాన్నే కదా మేష్టారూ? ఎందుకండీ అనడిగితే అది అంతే అన్నారు మా సారు.”

ఆ సారుని నేనేమీ అనను. పన్నెండేళ్ళుగా మా అరుగు మీద పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను, నేను కూడా ఇన్నాళ్ళూ అది అంతే అనే చెప్పాను. ఆ రోజు మాత్రం ఎందుకో నోరు రాలేదు. పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. రాత్రి పడుకున్నాక కూడా అదే బుర్రలో తిరిగింది. తిరగ్గా తిరగ్గా నాకు తేలిందేమిటంటే, మన పిల్లలు దిక్కులు చెప్పేచోట చేసే ఇంగ్లీషు తప్పుల్లో సగం పైన భాష రాక చేసేవి కావు, భాష బాగా వచ్చి చేసేవి. ఆ వచ్చిన భాష తెలుగు, అంతే తేడా.

మనం ఇల్లు అన్న మాటని ఎన్ని రకాలుగా తిప్పుతామో చూడండి. ఇంట్లో ఉన్నాడు, ఇంట్లోకి వెళ్ళాడు, ఇంట్లోంచి వచ్చాడు. ఉన్నచోటు ఒకటి, చేరేచోటు ఒకటి, బయల్దేరినచోటు ఒకటి, మూడింటికీ మూడు తోకలు. ఇల్లు తీసేసి ఏ మాట పెట్టినా ఇదే వరస. మీద, మీదికి, మీద నుంచి. కింద, కిందికి, కింద నుంచి. నాలుగేళ్ళ పిల్లాడు కూడా ఇందులో పొరపాటు చెయ్యడు. ఇంగ్లీషువాళ్ళకి ఇన్, ఇంటూ అని రెండున్నాయి, ఆన్, ఆన్‌టూ అని రెండున్నాయి, సరే. మరి అండర్‌కి? దానికి జోడీ లేదు. ‘ద క్యాట్ ర్యాన్ అండర్ ద బెడ్’ అన్నారనుకోండి, పిల్లి మంచం కిందికి పరిగెత్తిందా, మంచం కిందే అటూ ఇటూ పరిగెడుతోందా, ఇటుపక్క దూరి మంచం కింద నుంచి అటుపక్కకి పోయిందా? మూడు అర్థాలూ వస్తాయి, ముందూ వెనకా చూసి మనమే తేల్చుకోవాలి. తెలుగులో మూడూ మూడు వాక్యాలు. ఒక్క ‘కి’ పెట్టామంటే ఇక అనుమానమే ఉండదు.

ఆ ‘కి’ అలవాటైన బుర్ర ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు ఏం చేస్తుంది? ‘కి’ ఉన్న ప్రతిచోటా టు వెతుక్కుంటుంది. నరసాపురానికి, టు నర్సాపూర్, బాగుంది. అక్కడికి, టు దేర్. ఇక్కడికి, టు హియర్. ఇంటికి, టు హోమ్. పిల్ల నిజానికి ఒక నియమం పట్టుకుని దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. నియమం తప్పినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళే!

అదీ మొదట్నుంచీ కాదు. మా ఊరి చర్చిలో పెద్దాయన ఒకరి దగ్గర పాత ఇంగ్లీషు బైబిలు ఉండేది, 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ అనువాదం తాలూకు ప్రతి. కుర్రతనంలో సరదాకి తిరగేస్తుంటే అందులో విదర్, హిదర్, దిదర్ అనే మాటలు కనపడి అచ్చుతప్పులేమో అనుకున్నాను. కాదు. వేర్ అంటే ఎక్కడ, విదర్ అంటే ఎక్కడికి, వెన్స్ అంటే ఎక్కడి నుంచి. హియర్, హిదర్, హెన్స్ అంటే ఇక్కడ, ఇక్కడికి, ఇక్కడి నుంచి. దేర్, దిదర్, దెన్స్ కూడా అంతే. మన లెక్కే! మూడు చోట్లకి మూడు మాటలు వాళ్ళకీ ఉండేవి. జర్మన్‌వాళ్ళు ఇప్పటికీ వో, వోహిన్, వోహేర్ అని మూడూ వాడుకుంటున్నారు. ఇంగ్లీషు మాత్రం మధ్యమాటని మెల్లగా వదిలేసుకుంది. హిదర్ చెయ్యాల్సిన పని హియర్ నెత్తిన పడింది. అంటే ‘కమ్ హియర్’ అన్నప్పుడు ఆ హియర్ లోపల ఒక ‘కి’ కనపడకుండా దాక్కుని ఉందన్నమాట, దాని ముందు మళ్ళీ టు పెడితే ఇక్కడికికి రా అన్నట్టుంటుంది. హోమ్‌ది ఇంకా పాత కథ. పాత ఇంగ్లీషులో నామవాచకాలకి మనలాగే విభక్తులుండేవి, ‘గో హోమ్’లో ఉన్న హోమ్ అప్పటి ద్వితీయా విభక్తి రూపానికి మిగిలిన గుర్తు. తోక రాలిపోయింది గానీ అర్థం మాత్రం ఇల్లు కాదు, ఇంటికి.

మర్నాడు సాయంత్రం ఇదంతా పిల్లలకి చెప్పాను. పదో తరగతి పిల్లలకి విదర్, హిదర్ చెప్తే ఏం ఉత్సాహం ఉంటుంది, ఒకడు ఆవలించాడు కూడా. అప్పుడు దారి మార్చి, “ఒరేయ్, మీ అమ్మ నిన్ను పిలిచేటప్పుడు ఇక్కడికి రా అంటుందా?” అనడిగాను. “లేదండీ, ఇటు రా అంటుంది.” అదీ సంగతి! ఇటు, అటు, ఎటు. ఈ మాటలకి ‘కి’ అక్కర్లేదు, దిక్కు వాటిలోనే ఉంది. కదిలే క్రియ పక్కన హియర్ వస్తే అది ఇక్కడ కాదు, ఇటు. దేర్ వస్తే అటు. మేం పుస్తకాల్లో హియర్ ఈజీక్వల్టు ఇక్కడ అని రాయించడం వల్లే ఈ గొడవంతా. నేనింకా ఏదో చెప్పబోతుంటే పేపరు తెచ్చిన పిల్లే అందుకుంది: “ఇటులో టు ఉంది కదండీ, మళ్ళీ ఇంకో టు ఎందుకు?”

పన్నెండేళ్ళలో నాకు తట్టలేదు ఈ మాట.

(అటు అంటే అటువైపు అనే గానీ అక్కడ చేరినట్టు కాదు కదా అని మీరెవరైనా అంటారేమో. నిజమే. పదో తరగతికి అది చాలు.)

తెలుగు ఎప్పుడూ ‘కి’ పెట్టి తీరుతుందని కూడా అనుకోకండి. “మా వాడు హైదరాబాద్ వెళ్ళాడండి”, “రాజమండ్రి వెళ్ళొచ్చాం”, “ఊరెళ్తున్నా”. ఎక్కడుంది ‘కి’? ఊరెళ్తున్నా అన్న మాటా గో హోమ్ అన్న మాటా అన్నదమ్ముల్లాంటివి. రోజూ తిరిగే చోట్లకి తోక అరిగిపోతుంది, ఏ భాషలోనైనా. ఇంకోచోటైతే ఇంగ్లీషే మనకన్నా నయం. “కొబ్బరితోటలోంచి వచ్చాడు” అంటే తోటలో ఉన్నవాడు బయటికొచ్చాడా, తోటకి అడ్డంపడి మధ్యగా నడుచుకుంటూ వచ్చాడా? మొదటిది ఔట్ ఆఫ్, రెండోది త్రూ. మనం రెండింటికీ లోంచి అనేసి ఊరుకుంటాం. గుండా అనే మాటుంది గానీ దాన్ని రేవులో ఎవరైనా అనగా విన్నారా?

ఇంతవరకూ తోకల సంగతి. అసలు తేడా క్రియల్లో ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కూడా అదే.

మా ఇంటెదురుగా కాలవ. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలు చేసే పని ఒకటే, దాన్ని ఇంగ్లీషులో ఒక్క క్రియతో చెప్పెయ్యొచ్చు. ‘ద బాయ్ ర్యాన్ ఔట్ ఆఫ్ ద హౌస్, డౌన్ ద స్టెప్స్, అక్రాస్ ద బండ్ అండ్ ఇంటూ ద కెనాల్.’ ర్యాన్ ఒక్కటే క్రియ, మిగతా పనంతా ఔట్, డౌన్, అక్రాస్, ఇంటూ చేసిపెట్టాయి. దీన్ని తెలుగులో చెప్పండి. “వాడు ఇంట్లోంచి పరిగెత్తుకుంటూ బయటికొచ్చి, మెట్లు దిగి, గట్టు దాటి, కాలవలోకి దూకాడు.” రావడం, దిగడం, దాటడం, దూకడం, మెట్టుమెట్టుకీ ఒక క్రియ. మన దగ్గర దారి క్రియలో ఉంటుంది, పరిగెత్తడం పక్కన ‘పరిగెత్తుకుంటూ’ అని చేరుతుంది. ఇంగ్లీషులో తిరగబడి ఉంటుంది, ఎలా కదిలాడన్నది క్రియలో, ఎటు కదిలాడన్నది పక్కనున్న చిన్నమాటలో. అమెరికా భాషాశాస్త్రవేత్త లెనర్డ్ టాల్మీ 1985లో ఈ తేడా గురించి వివరంగా రాశాడు, క్రియ చుట్టూ తిరిగే ఈ చిన్నమాటలకి శాటిలైట్ అని పేరు పెట్టాడు. ఉపగ్రహాలు! ఆయన చెప్పే ఉదాహరణలో ఒక సీసా తేలుతూ గుహలోకి వెళ్తుంది. మనకి గుహలెక్కడివి, వరదొచ్చినప్పుడు గోదారిలో దుంగలొస్తాయి. దుంగ కొట్టుకొచ్చింది, దుంగ కొట్టుకుపోయింది. ఈ రెండు మాటల్నీ ఇంగ్లీషులో పెట్టి చూడండి. ప్రవాహం లాక్కెళ్తోందని ఒకటి, నావైపా నాకు దూరంగానా అని ఒకటి, రెండూ ఒకే క్రియలో ఇమిడిపోయాయి. ఒడ్డున నిలబడ్డ మనిషి ఎక్కడున్నాడో కూడా వాక్యంలోనే ఉంది.

ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు. ఈ అయిదు క్రియలతో డెల్టా అంతా తిరిగి రావచ్చు. పంటు ఎక్కుతాం, బస్సు ఎక్కుతాం, ఆటో ఎక్కుతాం, కొబ్బరిచెట్టు ఎక్కుతాం, ఏటిగట్టు ఎక్కుతాం. ఇంగ్లీషువాడికి బస్సయితే గెట్ ఆన్, కారయితే గెట్ ఇన్, చెట్టయితే క్లైంబ్ అప్. బస్సుకి ఆన్ ఎందుకు, ఆటోకి ఇన్ ఎందుకు అని పిల్లలు అడుగుతారు. నేను చెప్పే గుర్తు: ఎక్కాక నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగితే ఆన్, నడుం వంచి దూరి కూర్చోవాలంటే ఇన్. పంటు ఆన్, చిన్న నావ ఇన్. ఇక దిగడానికి మనం ‘గెట్ డౌన్’ అంటాం, వాళ్ళు ‘గెట్ ఆఫ్’ అంటారు. దిగడం అంటే కిందికి రావడమే కదా, మన కండక్టర్లు అనే గెట్ డౌన్‌లో నాకేమీ తప్పు కనపడదు. పరీక్షలో రాస్తే మాత్రం మార్కు పోతుంది.

ఇంగ్లీషులోనూ మన ఎక్కు, దాటుల్లాంటి క్రియలు లేకపోలేదు. ఎంటర్, డిసెండ్, అప్రోచ్ లాంటివి ఫ్రెంచి నుంచి వచ్చాయి, దారిని కడుపులో పెట్టుకునే వచ్చాయి. అందుకే వాటి పక్కన మామూలుగా చిన్నమాట అక్కర్లేదు. ‘ఎంటర్ ద రూమ్’, అంతే. మనం గదిలోకి ప్రవేశించి ఎంటర్‌డ్ ఇంటూ ద రూమ్ అంటాం, ఆ ‘లోకి’ని వదలబుద్ధి కాక. రీచ్ ఫ్రెంచిది కాదు గానీ దానిదీ అదే పద్ధతి. రాజోలుకి చేరాం కాబట్టి రీచ్‌డ్ టు రాజోలు. ఇక్కడ పిల్లలకి చెప్పాల్సింది, రీచ్ అంటే చేరు కాదురా, అందుకో అని. అందుకోడానికి ‘కి’ పట్టదు, పండుని అందుకుంటాం, రాజోలుని అందుకుంటాం. వినడానికి వింతగా ఉన్నా గుర్తుంటుంది.

పైకీ కిందికీ విషయంలో మాత్రం మన ప్రాంతం పిల్లలకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఎటు చూసినా పళ్ళెంలా చదునుగా ఉండే నేల ఇది. ఎత్తుపల్లాలు కళ్ళకి కనపడవు, నీళ్ళకి మాత్రమే తెలుస్తాయి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ, అక్కణ్ణుంచి విడిపోయే కాలవలు, లాకులు, బోదెలు, వీటిని బట్టే మనకి ఎగువా దిగువా. ఎగువ రైతుకి ముందు నీళ్ళొస్తాయి, శివారు రైతు ఎదురుచూస్తాడు. మాకు సముద్రం దగ్గర కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉంది, పోటు మీదున్నప్పుడు ఏటినీళ్ళు ఎగువకే పోతుంటాయి, అయినా ఎగువ ఎగువే, దిగువ కాదు. ఇంత నిక్కచ్చిగా నీళ్ళని బట్టి పైనా కిందా అనుకునే పిల్లాడికి ‘వాక్ డౌన్ ద రోడ్’ అని వాక్యం ఇస్తే రోడ్డు ఎక్కడ కిందికుందని వెతుక్కుంటాడు. రోడ్డు చదునుగానే ఉంటుంది, ఊరికే అలా ముందుకి వెళ్ళడం అది. ‘హి వాక్‌డ్ అప్ టు మి’ అంటే మెట్లెక్కి రాలేదు, నా దగ్గరికంటా వచ్చాడు. ‘కమ్ ఓవర్’ అంటే ఏదీ దాటక్కర్లేదు, ఓసారి ఇంటికి రమ్మని పిలుపు. ఇక బ్రిటన్ రైళ్ళ సంగతి చెప్తే పిల్లలు నమ్మలేదు. అక్కడ లండన్ వైపు వెళ్ళే బండి ‘అప్’, లండన్ నుంచి బయటికి పోయేది ‘డౌన్’. స్కాట్లండ్ కొండల్లోకి ఎగబాకే బండి కూడా డౌనే! ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకోడానికి వెళ్తే ‘గో అప్’, తప్పు చేస్తే వెళ్ళగొట్టడం ‘సెండ్ డౌన్’. వాళ్ళ ఎగువా దిగువా పారేది నీళ్ళని బట్టి కాదు, పెద్దరికాన్ని బట్టి.

మా మామ్మ అసలు ఎడమ కుడి అనేదే కాదు. “ఆ చెంబు కాస్త తూర్పుకి జరపరా” అనేది, వంటింట్లో కూర్చుని. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన గూగు యిమిదిర్ అనే భాష ఉంది, కంగారూ అన్న మాట ఇంగ్లీషుకి ఇచ్చిన భాష అది. వాళ్ళు ఎడమ కుడి బదులు దిక్కులే చెప్తారని చదివినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయిందట, నాకు మాత్రం మామ్మ గుర్తొచ్చింది. మామ్మకీ వాళ్ళకీ ఉన్న తేడా ఏమిటంటే మామ్మకి ఎడమచెయ్యి కూడా తెలుసు, దాంతో పెట్టింది తింటే ఒప్పుకునేది కాదు.

చివరగా పిల్లలు భయపడే విషయం ఒకటి మిగిలింది. ఒకే చిన్నమాట ఒకచోట ప్రిపొజిషను, ఇంకోచోట యాడ్‌వెర్బు. వెనకాల నామవాచకం ఉంటే ప్రిపొజిషను, లేకపోతే యాడ్‌వెర్బు అని నేర్పుతాం. ‘హి వెంట్ అక్రాస్ ద రివర్’లో అక్రాస్ మొదటిది, రేవులో నిలబడి అవతలి ఒడ్డు చూస్తూ ‘హి వెంట్ అక్రాస్’ అంటే రెండోది. ఏరు దాటాడు, దాటేశాడు. ఇంతవరకూ సులువే. కానీ ‘ర్యాన్ అప్ ద హిల్’, ‘ర్యాన్ అప్ ద బిల్’ అని రెండు వాక్యాలిస్తే? రెండింటిలోనూ వెనకాల నామవాచకం ఉంది. ఇట్ పెట్టి చూడాలి. కొండయితే ‘ర్యాన్ అప్ ఇట్’, కిళ్ళీకొట్టు బాకీ అయితే ‘ర్యాన్ ఇట్ అప్’. అప్ కొండని పట్టుకుని ఉంటే విడిపోదు, క్రియని పట్టుకుని ఉంటే ఇట్‌కి దారిచ్చి పక్కకి జరుగుతుంది. బాకీ దగ్గర అప్ అంటే పైకి అని కూడా కాదు, పెరిగిపోయింది, పేరుకుపోయింది అని. ‘ఈట్ అప్’ అంటే పైకి తినడం కాదు, తినెయ్. ‘డ్రింక్ అప్’, తాగెయ్. ‘రైట్ డౌన్’, రాసిపెట్టుకో. మనం వెయ్, పో, పెట్టు, కో తగిలించి చేసే పనిని వాళ్ళు దిక్కుల మాటలతో చేస్తారు. ఇలా చెప్పేసరికి ఫ్రేజల్ వెర్బులంటే టెన్షన్ పడే పిల్లలు కూడా “అంతేనా” అన్నారు.

పాఠ్యపుస్తకాల్లో ఇవేవీ ఉండవు. ఒక పెట్టె, ఒక బంతి. బంతి పెట్టెలో, పెట్టె మీద, పెట్టె కింద. బంతి ఎక్కడా కదలదు! దిక్కు నేర్పాలంటే ఏదో ఒకటి కదలాలి కదా. అందుకే మొన్న ఆదివారం పిల్లల్ని రేవుకే తీసుకెళ్ళాను. పంటు వస్తుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వాక్యాలు చెప్పాలి. ఆఫ్, ఆన్‌టూ, అలాంగ్, అక్రాస్, టువర్డ్స్, అన్నీ అరగంటలో వచ్చేశాయి. గట్టమ్మట అంటే అలాంగ్ అని ఒకడు తనంతట తనే పట్టుకున్నాడు.

తిరిగొస్తుంటే పేపరు పిల్ల మళ్ళీ మొదలెట్టింది. “టు హియర్ తప్పు కదండీ. మరి ఫ్రమ్ హియర్ ఎలా రైటు? హెన్స్ పోతే దాని చోటికి ఫ్రమ్ హియర్ వచ్చింది, హిదర్ పోతే టు హియర్ ఎందుకు రాలేదు?”

నేను వెంటనే చెప్పలేదు. “నువ్వు మొన్న నరసాపురం వెళ్ళొచ్చావ్ కదా. నరసాపురం వెళ్ళాను అనొచ్చా?” అన్నాను. అనొచ్చంది. “పోనీ, నరసాపురం వచ్చాను అంటే?”

“నరసాపురానికి వచ్చినట్టండి.”

“నరసాపురం నుంచి అని ఎవరైనా అనుకుంటారా?”

రెండడుగులు వేసి ఆగిపోయింది. “అనుకోరండి. ‘కి’ లేకపోయినా తెలిసిపోతుంది గానీ, ‘నుంచి’ తీసేస్తే ఊరే మారిపోతుంది.”